ఎల్ గ్రెకో చర్చిని ఎందుకు జరిపాడు? ఒక నగర చిత్రాన్ని చూసే పద్ధతి

నమస్కారం. విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. తెర మీద ఉన్నది ఎల్ గ్రెకో 1600కు కాస్త అటూ ఇటూగా వేసిన ‘టొలేడో దృశ్యం’. ఊరు స్పెయిన్‌లో ఉంది, చిత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. వీడియో ఆపి ఒక నిమిషం చూడండి. చిత్రకారుడి కథ ఇప్పుడే వద్దు.

చూశారా? చూపు ముందు ఆకాశం మీదికే పోతుంది. నల్లని, నీలి మేఘాలు, వాటి మధ్య తెల్లగా చీలిన వెలుగు. కింద పచ్చిక ఎంత పచ్చగా ఉందంటే కొంచెం భయం వేస్తుంది. ఆ వెలుగు ఎటునుంచి పడుతోందో తేల్చి చెప్పలేం. లోయలో టాగస్ నది, దాని మీద అల్కాంతరా వంతెన. నీటి దగ్గర మనుషులు చీమలంత ఉన్నారు, వెతికితేనే కనిపిస్తారు.

ఇప్పుడు కొండ మీదికి రండి. అల్కాజార్ కోట, దానికి ఎడమ పక్కన ప్రధాన చర్చి గోపురం. చిత్రకారుడు ఊరిని ఉత్తరం వైపు నుంచి చూస్తున్నాడు. అక్కడి నుంచి ఆ చర్చి కనిపించదు. సీతానగరం ఒడ్డు నుంచి బెజవాడను గీస్తూ, గాంధీ కొండ మీది స్తూపాన్ని తెచ్చి దుర్గమ్మ గుడి పక్కన నిలబెడితే మనం ఊరుకుంటామా? టొలేడో వాళ్లకూ తేడా తెలియకుండా ఉండదు.

ఇది పొరపాటు కాదనడానికి ఆధారం ఆయనే ఇచ్చాడు. తర్వాత వేసిన మరో టొలేడో చిత్రంలో తవేరా ఆసుపత్రిని మేఘం మీద పెట్టాడు. ఉన్నచోటే గీస్తే అది ఊరి కోటగోడలోని బిసాగ్రా ద్వారాన్ని కప్పేస్తుందని బొమ్మలోనే రాశాడు.

జీవితం ఇక్కడ పనికొస్తుంది. 1541లో క్రీట్ ద్వీపంలో పుట్టాడు, అసలు పేరు దొమెనికోస్ థియోటోకోపౌలోస్. మొదట నేర్చుకున్నది చర్చిల్లో పూజకు పెట్టే క్రీస్తు, సాధువుల బొమ్మలు వేయడం. అందులో కొలత కన్నా ప్రాధాన్యం ముఖ్యం. వెనిస్, రోమ్ మీదుగా 1577లో టొలేడో చేరాడు. రాజు రెండో ఫిలిప్ తన మఠం, రాజభవనం అయిన ఎస్కోరియల్ కోసం వేయించిన బొమ్మ రాజుకు నచ్చలేదు, ఆ దారి మూసుకుపోయింది. టొలేడో ప్రధాన చర్చితోనూ తొలి చిత్రం ధర దగ్గర పేచీ వచ్చింది. అయినా 1614లో పోయేదాకా ఆ ఊళ్లోనే ఉన్నాడు, సంతకం మాత్రం గ్రీకు అక్షరాల్లోనే చేశాడు.

1561లోనే రాజాస్థానం మాడ్రిడ్‌కు వెళ్లిపోయింది. అధికారం జారిపోయిన ఊరికి కోటనూ చర్చినీ పక్కపక్కన పెట్టి కిరీటం పెట్టినట్టు నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహే, కానీ జరిపిన చర్చి దీనికి దన్ను.

మేఘాలు చూడగానే ‘పాపం, మనసులో తుఫాను’ అని రాసే విద్యార్థులున్నారు. దయచేసి వద్దు. ఆయన మనుషులను పొడవుగా సాగదీసి గీసింది కంటి చూపులో లోపం వల్లేనన్న పాత వాదం కూడా నన్ను ఒప్పించదు. చూపు చెడితే ఆకారాలు సాగుతాయేమో, చర్చి వీధులు దాటి రాదు కదా!

మీకు పని: కాగితం మీద రెండు వరుసలు గీయండి. ఒకదాంట్లో బొమ్మలో కనిపించినవి, రెండోదాంట్లో మీరు ఊహించినవి. ఊహ రాసిన ప్రతిచోటా దానికి దారితీసిన రంగో, భవనమో పక్కన రాయండి. పక్కన ఏమీ లేని ఊహను కొట్టేయండి. తర్వాత మేఘం మీది ఆసుపత్రి ఉన్న చిత్రాన్ని ఇలాగే చూడండి. అందులో పటం పట్టుకున్న కుర్రవాడిని వదిలేయకండి.