డబ్లింగ్ జరుగుతున్నా మన ప్యాసింజర్ ఎందుకు ఆగుతోంది?

నమస్తే. కొత్తవలస–కిరండూల్ లైన్ మీద, ఒడిశాలోని కోరాపుట్ స్టేషన్లో ఎప్పుడు నిలబడినా ఇదే మాట వినిపిస్తుంది: "కొంత దూరం డబుల్ లైన్ పడింది కదా, ఇంకా ఇంతసేపు ఆపుతారేంటి? స్టేషన్ మాస్టర్‌కి పట్టదు." విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. తప్పు ఆయనది కాదు.

రెండో లైన్ పడనిచోట వచ్చే బండీ పోయే బండీ ఒకే పట్టాల మీద నడవాలి. పొలం గట్టు గుర్తు తెచ్చుకోండి. నెత్తిన గడ్డిమోపుతో మీరొస్తున్నారు, అటునుంచి ఇంకొకరు మోపుతో వస్తున్నారు. నడిమధ్యలో ఎదురుపడితే ఎవరో ఒకరు మళ్లో దిగాలి. అందుకే గట్టు వెడల్పున్న చోట ఒకరు ముందే ఆగుతారు. ఆ వెడల్పు చోటే స్టేషన్లోని లూప్ లైన్. మీరు లూప్‌లో కూర్చుని ఉండగా ఎర్రదుమ్ము పట్టిన ఖనిజం వ్యాగన్లు కిటికీ పక్కనుంచి పోతాయే, అదే ఎదురు మోపు.

ఇప్పుడు లెక్క. ఒక గట్టు, అంటే రెండు స్టేషన్ల మధ్య సింగిల్ లైన్, దాటడానికి 20 నిమిషాలు, లైన్ క్లియర్‌కి (తర్వాతి బండికి దారి ఇవ్వడానికి) 5 నిమిషాలు అనుకుందాం. రోజుకి 1440 నిమిషాలు. 25తో భాగిస్తే 57. రిపేర్లూ ఆలస్యాలూ పోను అందులో 70 శాతమే చేతికొస్తుంది. అంటే రెండువైపులా కలిపి 40 బండ్లు.

కానీ గట్లన్నీ ఒకలా ఉండవు. లోడు బండి జయపురం నుంచి కోరాపుట్‌కి కొండెక్కాలి. అరకు దాటాక అనంతగిరి కొండల్లో బ్రేకులు పట్టి మెల్లగా దిగాలి. అక్కడ 20 కాస్తా 30 నిమిషాలైతే? 40 బండ్లు 28 అయిపోతాయి. ఆ ఒక్క గట్టు వల్ల లైన్ మొత్తానికీ అదే లెక్క! సాపు నేలమీద గట్టుని బండిబాటంత చేసినా, కొండ దగ్గర సన్నగా ఉంటే మోపులన్నీ అక్కడే బారులు తీరతాయి.

కొత్తవలస–కోరాపుట్ డబ్లింగ్ దాదాపు 189 కిలోమీటర్లు. కొత్తవలస–కిరండూల్ పాత లైన్‌కే 58 సొరంగాలు తవ్వారు, కాబట్టి ఘాట్‌లో పని కష్టమే, ఒప్పుకుంటాను. నన్నడిగితే మాత్రం డబ్బూ మనుషులూ ముందు అక్కడే పెట్టాలి.

టైమ్ అయిపోతోంది, రైల్వే గేట్ల సంగతి గబగబా చెప్పేస్తా. రోజూ గేటు దాటే వాహనాల సంఖ్యని రైళ్ల సంఖ్యతో గుణిస్తే కనీసం లక్ష రావాలి. రైల్వే, రాష్ట్రం ఖర్చు పంచుకుని పైవంతెన కట్టడానికి చాలాకాలంగా ఉన్న కొలత ఇదే. 40 రైళ్లు తిరిగే చోట 2,500 వాహనాలు చాలు. ఈ లెక్కలో బైకులు, ఆటోలు ఒక్కోటి పూర్తి వాహనం కిందకి రావు, వాటిని విడిగా రాసుకోండి. మీ ఊరి గేటు దగ్గర ఒకరోజు కూర్చుని లెక్కపెట్టి, ఆ కాగితం జతచేసి కలెక్టర్‌కి అర్జీ పెట్టండి.