ఓడి గ్రంథాలయంలో చీర ఫాలు

నమస్కారం అండీ. హెల్సింకిలో ఇప్పుడు మధ్యాహ్నం మూడున్నర. బయట అప్పుడే వీధిదీపాలు వెలిగాయి, చూడండి. డిసెంబరులో ఇక్కడ పగలు ఆరు గంటలు కూడా ఉండదు. ఈ చలిలో మనిషి ఇల్లు దాటినా మళ్లీ ఏదో ఒక కప్పు కిందికే చేరాలి. ఆ కప్పు కింద కాఫీ కొంటేనే కూర్చోనిస్తారా, ఊరికే కూర్చోనిస్తారా అన్నది నాలాంటి కొత్తవాళ్లకు చాలా పెద్ద విషయం.

ఊరికే కూర్చోనిచ్చే చోటు ఇదిగో, ఓడి. పార్లమెంటు భవనానికి ఎదురుగా కట్టిన నగర గ్రంథాలయం. ఫిన్నిష్ భాషలో ఓడి అంటే స్తుతి గీతం. మా వారికి మాత్రం ఆ పేరు విన్నప్పుడల్లా నవ్వే. 2019లో దీనికి ప్రపంచంలోనే ఆ ఏటి మేటి ప్రజా గ్రంథాలయంగా బహుమతి వచ్చిందని చెబితే "ఓడి గెలిచిందన్నమాట" అన్నారు. 2018 డిసెంబరు 5న, ఫిన్లాండ్ స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు రోజు, తలుపులు తెరిచారు. ఖర్చు 10 కోట్ల యూరోలకు కాస్త తక్కువ. ఇంత పెట్టి కట్టిన మూడంతస్తుల్లో పుస్తకాలకు ప్రధానంగా ఇచ్చింది పైఅంతస్తు ఒక్కటే. అక్కడ సుమారు లక్ష పుస్తకాలు. కింద సినిమా హాలు, కెఫే. మధ్య అంతస్తులో త్రీడీ ప్రింటర్లు, సంగీతం స్టూడియోలు, వంటగది, కుట్టుమిషన్లు. 2017 నుంచి అమల్లో ఉన్న ఇక్కడి గ్రంథాలయ చట్టం ప్రకారం పుస్తకాలతోపాటు నేర్చుకోవడానికి, పని చేసుకోవడానికి, పౌరులు కలుసుకోవడానికి చోటు ఇవ్వడం కూడా గ్రంథాలయం బాధ్యతే.

ముందు పైకి వెళదాం. అలలా వంగిన తెల్లటి కప్పు, దానిలో గుండ్రటి వెలుతురు కిటికీలు, కుండీల్లో చెట్లు. నేల రెండు చివర్లా ఏటవాలుగా పైకి లేస్తుంది. పిల్లలకు అదే జారుడుబండ. ఫొటోల్లో మీరు చూసే ఓడి ఇదే. ఇక్కడికి వచ్చినవాళ్లు "ఆహా, సమాజాన్ని కలిపే భవనం" అని రాసేస్తారు. నాలుగు నెలలు ప్రతి శనివారం ఈ కుర్చీల్లో కూర్చున్నాను. ఒక్కరూ నాతో మాట్లాడలేదు. నేనూ ఎవరినీ పలకరించలేదు, అది కూడా చెప్పాలి కదా! ఎవరి పుస్తకం వారిది, ఎవరి కిటికీ వారిది. హాయిగా ఉంటుంది, కాదనను. కానీ హాయి వేరు, పరిచయం వేరు.

మాది చీరాల. చిన్నప్పుడు నాన్న వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్లేవారు. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. అక్కడ ఒక్క దినపత్రికను విడదీసి నలుగురు నాలుగు కాగితాలు పట్టుకునేవారు. "మీ పేజీ అయిందాండీ?" అని అడగక తప్పేది కాదు. ఆ అడగడంలోనే సగం పరిచయాలు మొదలయ్యేవి. ఓడిలో అన్నీ సమృద్ధిగా ఉన్నాయి, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. చిక్కంతా అక్కడే ఉందని నా అనుమానం.

ఈ అనుమానం గట్టిపడింది రెండో అంతస్తులో. అమ్మ చీరాల నుంచి పంపిన చీరకు ఫాలు కుట్టలేదు. "అక్కడ కుట్టేవాళ్లు దొరకరని చెబితే నేనే కుట్టించి పంపేదాన్ని కదే" అని ఫోనులో ఒకటే గొణుగుడు. సరే, గ్రంథాలయం కార్డుతో మిషను బుక్ చేసుకున్నాను. మిషను ఉచితం, బట్ట, దారం మనవి. పది నిమిషాల్లో బాబిను దగ్గర దారం ఉండచుట్టుకుపోయింది. పక్క మిషను మీద కర్టెన్లు కుడుతున్న పెద్దావిడ లేచి వచ్చారు. ఒక్క మాట లేకుండా ప్లేటు తీసి, చిక్కు కత్తిరించి, బాబినును తిప్పి పెట్టారు. నేను తిరగేసి పెట్టానన్నమాట. తర్వాత చీర అంచు పట్టుకుని అడిగారు:

"ఇది ఎంత పొడవు?"

"అయిదున్నర మీటర్లండీ."

"అంతా కుట్టాలా?"

"లేదండీ, కుచ్చిళ్లు నేలకు రాసుకునే మేర చాలు."

ఆవిడ ముఖం చూడాలి! బట్ట చిరగకముందే అతుకు వేయడం ఆవిడకు బాగా నచ్చింది.

పోయిన వేసవిలో డెన్మార్క్ వెళ్లినప్పుడు ఆర్హుస్‌లో డొక్1 కూడా చూశాం. 2015లో తెరిచిన గ్రంథాలయం. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు పనులూ అక్కడే కాబట్టి చదివే అలవాటు లేనివాళ్లు కూడా వస్తారు. లోపల పైనుంచి పొడవాటి కంచు గొట్టం వేలాడుతూ ఉంటుంది, మూడు టన్నుల గంట. ఆ ఊరి ఆసుపత్రిలో బిడ్డ పుడితే తల్లిదండ్రులు మీట నొక్కుతారు, ఇక్కడ గంట మోగుతుంది. మేం గంటన్నర కాచుకున్నాక ఒక్కసారి మోగింది. పేపరు చదువుతున్న ఆయన తలెత్తి, భార్య వైపు చూసి నవ్వి, మళ్లీ పేపరులో పడిపోయారు. అంతే. నాకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది.

సరే, ఇవాళ్టి పని చూద్దాం. ఫాలు కింది అంచు మిషను మీద అయిపోయింది. పైఅంచు చేతికుట్టు వేయాలి, లేకపోతే చీర మీద గీత కనిపిస్తుంది. మిషను గడువు తీరిపోయిందని సూది, దారం పట్టుకుని పైఅంతస్తుకే వచ్చాను. తివాచీ మీద చీర పరిచి కూర్చున్నానో లేదో, నాలుగేళ్ల పాప వచ్చి కొంగు మీద చతికిలపడింది. వాళ్ల అమ్మ పరుగున వచ్చి క్షమాపణలు చెబుతూ, నేను కుడుతున్నది చూసి అక్కడే కూర్చున్నారు. నాలుగు నెలల్లో ఈ అంతస్తులో నాకు దొరికిన మొదటి పలకరింపు ఇది. ఇప్పుడు పాప చేతిలో దారం రీలు ఉంది, ఇవ్వనంటోంది. ఇంకా రెండు జానల కుట్టు మిగిలింది, ఫోనులో చార్జింగ్ అయిపోతోంది. ఉంటానండీ.