రాత్రి మీ కారు ఎక్కడ ఆగుతుంది? హైబ్రిడ్, ప్లగిన్ హైబ్రిడ్, ఎలక్ట్రిక్‌లలో మీకు ఏది

అందరికీ నమస్కారం. పరాయి దేశంలో మొదటి కారు కొనబోయే మనవాళ్లు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది: మామూలు హైబ్రిడ్ తీసుకోవాలా, ప్లగిన్ హైబ్రిడ్డా, పూర్తి ఎలక్ట్రిక్కా? జవాబు చెప్పే ముందు నేనూ ఒకటి అడుగుతాను. రాత్రి మీ కారు ఎక్కడ ఆగుతుంది? అక్కడ తీగ అందే దూరంలో కరెంటు ప్లగ్గు ఉందా? సగం నిర్ణయం ఇక్కడే తేలిపోతుంది.

మామూలు హైబ్రిడ్‌తో మొదలుపెడదాం. 1997లో జపాన్‌లో టయోటా ప్రియస్ వచ్చిన నాటి నుంచి దీని సూత్రం మారలేదు. పెట్రోలు ఇంజిన్‌కు తోడుగా ఒక కరెంటు మోటారు, దానికో బ్యాటరీ ఉంటాయి. బ్యాటరీ చాలా చిన్నది, కొత్త ప్రియస్‌లో కూడా సుమారు ఒక కిలోవాట్ అవర్, అంటే మన ఇంటి మీటరు లెక్కలో ఒక యూనిట్ కరెంటు మాత్రమే. బ్రేకు వేసినప్పుడు వృథాగా వేడిగా మారిపోయే శక్తిలో కొంత పట్టి దాచుకుంటుంది, మళ్లీ కదిలేటప్పుడు వాడుకుంటుంది. అందుకే ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ వెళ్లేవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది. అయితే ఆ బ్యాటరీలోని కరెంటు కూడా మొదట పెట్రోలు నుంచి పుట్టిందే. బయటి నుంచి ఎక్కించే దారి లేదు.

ఇప్పుడు మా కారు దగ్గరికి రండి. ఇది ప్లగిన్ హైబ్రిడ్. ఒకవైపు పెట్రోలు మూత, మరోవైపు ఛార్జింగ్ మూత. రాత్రి ఇంటికి రాగానే ఈ కేబుల్ తీసి ఇలా గుచ్చుతాను. టక్కుమని పట్టుకున్న చప్పుడు వినిపించాలి, ఈ చిన్న దీపం వెలగాలి. రోజూ చేయాల్సింది ఇంతే. ఈ రకం కార్లలో బ్యాటరీ మధ్యస్థంగా ఉంటుంది. ఉదాహరణకు ప్రియస్‌లోనే ప్లగిన్ రకమైన ప్రియస్ ప్రైమ్ 2023 మోడల్‌లో 13.6 కిలోవాట్ అవర్లు. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం దాంతో సుమారు 70 కిలోమీటర్లు కరెంటు మీదే వెళ్లవచ్చు. ఉద్యోగానికి, పిల్లల బడికి, సరుకులకు చాలామందికి అది సరిపోతుంది. అమెరికాలో గోడకుండే 120 వోల్టుల మామూలు ప్లగ్గు నుంచి ఇది నిండడానికి దాదాపు 11 గంటలు పడుతుంది. అంటే ప్రత్యేకంగా వైరింగ్ చేయించకపోయినా తెల్లారేసరికి దాదాపు నిండుతుంది.

మరి ప్లగ్గు పెట్టకపోతే? బ్యాటరీ ఖాళీ అయ్యాక ఇది కూడా మామూలు హైబ్రిడ్‌లాగే నడుస్తుంది, కానీ పెద్ద బ్యాటరీ బరువు మోసుకుంటూ. అదే అమెరికా లెక్కల్లో మామూలు ప్రియస్ లీటరుకు 24 కిలోమీటర్ల వరకు ఇస్తే, ప్రైమ్ పెట్రోలు మీద 22 దగ్గర ఆగుతుంది. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న కారు తక్కువ మైలేజీ ఇస్తుందన్నమాట! ప్లగ్గు పెట్టకపోవడం ఊహ కాదు. 2021లో రిజిస్టరైన కార్ల సమాచారంతో 2024లో యూరోపియన్ కమిషన్ ఇచ్చిన నివేదిక చూస్తే, ప్లగిన్ హైబ్రిడ్‌లు రోడ్డు మీద విడుదల చేసిన కార్బన్ డయాక్సైడ్ ప్రయోగశాల లెక్కకంటే సగటున 3.5 రెట్లు ఎక్కువని తేలింది. అనుకున్నంత తరచుగా జనం ఛార్జింగ్ పెట్టకపోవడం దీనికి ముఖ్య కారణం.

చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు ఇది కాస్త జాగ్రత్తగా చూడండి. అద్దం మీది మంచు కరిగించడానికి ఈ బటన్ నొక్కుతున్నాను. విన్నారా ఆ చప్పుడు? బ్యాటరీ నిండుగా ఉంది, కారు ఇంకా కదలలేదు, అయినా ఇంజిన్ లేచింది. లోపలి వేడి కోసం కొన్ని ప్లగిన్ హైబ్రిడ్‌లు ఇంజిన్ మీదే ఆధారపడతాయి. బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంప్ ఉన్న మోడళ్లలో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది, మరీ గడ్డకట్టే చలిలో తప్ప. అందుకే కొనే ముందు హీటరు వేసి నడిపి చూడమని గట్టిగా చెబుతున్నాను. షోరూమువాళ్లు వేసవిలో ఈ మాట ఎత్తరు.

ఇంకొక అలవాటు. దూర ప్రయాణంలో బయలుదేరగానే కరెంటు అంతా ఖర్చు చేయకండి. హైవే మీద పెట్రోలు ఇంజిన్ తన మేలైన వేగంలో ఉంటుంది, బ్యాటరీ దాచే మోడ్ పెట్టుకుని ఊళ్లోకి వచ్చాక వాడండి. పక్కనే ఇంజిన్‌తో బ్యాటరీ నింపే మోడ్ కూడా కొన్ని కార్లలో ఉంటుంది. దాని జోలికి వెళ్లకండి, పెట్రోలు కాల్చి కరెంటు చేసే ఆ పనిలో నష్టమే ఎక్కువ.

ఇక పూర్తి ఎలక్ట్రిక్. ఇంట్లో ప్లగ్గు ఉండి, ఇంటికి రెండు కార్లుంటే అందులో ఒకటి ఇదే అయి ఉండాలని నా అభిప్రాయం. ఇంజిన్ ఆయిల్ ఉండదు, సైలెన్సర్ ఉండదు, బ్రేకులు నెమ్మదిగా అరుగుతాయి. పెట్రోలు ఇంజిన్ ఎంత మంచిదైనా ఇంధనంలో సగానికిపైగా వేడిగా పోగొడుతుంది, మోటారు తనకందిన కరెంటులో చాలా భాగాన్ని చక్రాలకు చేరుస్తుంది. దూరం వెళ్లినప్పుడు మాత్రం ఓపిక కావాలి. వేగవంతమైన ఛార్జర్ల దగ్గర 80 శాతం దాటాక కరెంటు ఎక్కే వేగం బాగా పడిపోతుంది, కాబట్టి నిండేదాకా కూర్చోకుండా బయలుదేరడమే మంచిది. చలికాలంలో రేంజ్, అంటే ఒక ఛార్జింగ్‌తో వెళ్లగలిగే దూరం, తగ్గుతుంది, ఆ లెక్క ముందే వేసుకోండి.

కొత్తగా వచ్చి అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు, పార్కింగ్‌లో ప్లగ్గు లేకపోతే, నా సలహా మామూలు హైబ్రిడ్. మొహమాటం ఏమీ అక్కర్లేదు, అది పాత సాంకేతికత అని ఎవరన్నా పట్టించుకోకండి. ప్లగ్గు ఉండి, ఒకే కారుతో రోజువారీ పనులూ దూర ప్రయాణాలూ సాగించాల్సిన కుటుంబానికి ప్లగిన్ హైబ్రిడ్ సరైన జోడు. అయితే రోజూ కేబుల్ పట్టుకునే ఓపిక ఉండాలి.

పాత ప్లగిన్ హైబ్రిడ్ కొంటున్నారా? అప్పుడు కేబుల్ చూపించమని అడగండి. ప్యాకెట్ విప్పని కేబుల్‌తో తిరిగొచ్చిన కంపెనీ కార్ల (ఉద్యోగులకు కంపెనీలు ఇచ్చే కార్ల) గురించి 2018లో బ్రిటన్ పత్రికలు రాశాయి. అలాంటి కారులో ఇంజినే బరువంతా మోసి ఉంటుంది. కాబట్టి సర్వీసు రికార్డులో ఆయిల్ మార్పులు వేళకు జరిగాయో లేదో చూడండి. కుదిరితే ముందు రోజు రాత్రి పూర్తిగా ఛార్జింగ్ పెట్టించి, కరెంటు అయిపోయేదాకా మీరే నడిపి, ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో రాసుకోండి.