రోహిణిని చూసి గంట చెప్పే ఇత్తడి పళ్లెం

అందరికీ నమస్కారం.

వెయ్యేళ్ల కిందట బాగ్దాద్‌లో రాత్రి టైమ్ తెలుసుకోవాలంటే నక్షత్రాన్నే అడగాలి. అడగడానికి వాళ్ల దగ్గరున్న సాధనం అస్తుర్లాబ్. మనం ఆస్ట్రోలేబ్ అంటున్నాం. పుట్టింది గ్రీకుల దగ్గరే అయినా, దానికి సాన పట్టింది అరబ్బులు, పర్షియన్లు.

అంచు లేచిన ఇత్తడి పళ్లెం పేరు ‘ఉమ్మ్’, అంటే తల్లి. ఆ తల్లి ఒడిలో ఒక రేకు కూర్చుంటుంది. రేకు మీద ఆ ఊరి దిగంతం, దానికి పైన ఒక్కో ఎత్తుకూ ఒక్కో వలయం గీసి ఉంటాయి. బాగ్దాద్ రేకు మధ్య ఆసియాలోని సమర్‌కంద్‌లో పనికిరాదు, అక్షాంశం మారిపోతుంది కదా. అన్నిటికన్నా పైన జాలీ లాంటి మరో రేకు తిరుగుతుంది. దాని పేరు ‘అన్కబూత్’, సాలెపురుగు. దాని ముళ్ల కొనలే నక్షత్రాలు.

ఇప్పుడు రోహిణిని తీసుకుందాం. అరబ్బులకది అల్ దబరాన్, ‘వెనకాలే వచ్చేది’. కృత్తికల వెనకే వస్తుంది కాబట్టి ఆ పేరు. పళ్లాన్ని ఉంగరంతో వేలాడదీసి, వెనక ఉన్న కడ్డీ రంధ్రాల గుండా రోహిణిని చూడాలి. తూర్పున 30 డిగ్రీల ఎత్తులో ఉందనుకోండి. ముందువైపుకి తిప్పి, రోహిణి ముల్లు తూర్పువైపు 30 వలయాన్ని తాకేదాకా జాలీని తిప్పాలి. అంతే, ఆ క్షణపు ఆకాశమంతా కుదురుకుంటుంది. ఆ రోజు సూర్యుడు ఉన్న రాశి, డిగ్రీ జాలీ మీది రాశుల వలయంలో వెతికి, దానికి సూటిగా అంచు మీద గంట చదవాలి. గంటకి 15 డిగ్రీలు.

నన్ను ముగ్ధుణ్ని చేసింది దీని వెనకున్న జ్యామితి. ఆకాశగోళాన్ని దక్షిణ ధ్రువం నుంచి చూస్తున్నట్టు పరిచి గీస్తే, గోళం మీది వలయాలు రేకు మీదా వలయాలుగానే పడతాయి. ధ్రువం గుండా పోయేవి మాత్రం గీతలవుతాయి. అంటే పనివాడికి కంపాస్, స్కేలు చాలు! 1370లో జైన పండితుడు మహేంద్ర సూరి దీని మీద సంస్కృతంలో గ్రంథం రాసి, ‘యంత్రరాజం’ అని పేరు పెట్టాడు. ఆ పేరు దీనికే తగుతుంది.

అయితే జానెడు పళ్లెం మీద డిగ్రీలో చిన్న భాగాలు గీయలేం. అందుకే 1420లలో సమర్‌కంద్‌లో అక్కడి పాలకుడు ఉలుగ్ బేగ్ పరికరాన్నే భవనంలా కట్టించాడు. సుమారు 40 మీటర్ల వ్యాసార్ధం ఉన్న చాపం, సగం కొండలోకి తవ్వింది. దాని మీద ఒక్క డిగ్రీ దాదాపు 70 సెంటీమీటర్లు! మధ్యాహ్నం చిన్న రంధ్రంలోంచి పడే ఎండ మచ్చ ఏ గీత మీద ఉందో చూసి సూర్యుడి ఎత్తు కొలిచేవారు. 1437లో అక్కడి నుంచే వెయ్యికి పైగా నక్షత్రాల పట్టిక వచ్చింది.

1449లో ఉలుగ్ బేగ్ హత్య జరిగింది. ఆయన కట్టించిన ఆ వేధశాల పాడుబడి నేలమట్టమైంది. 1908లో తవ్వితే కొండలోపలి చాపం మాత్రం బయటపడింది, డిగ్రీల గుర్తులతో సహా.