అంశం వేరు, ప్రశ్న వేరు

విద్యార్థులకు, తోటి అధ్యాపకులకు నమస్కారం.

రాజనీతి శాస్త్రంలో డిగ్రీ చివరి సంవత్సరపు థీసిస్ రాయబోతున్న మీతో మాట్లాడమని పిలుపు వచ్చినప్పుడు, పేజీల సంఖ్య, అధ్యాయాల క్రమం, ఉల్లేఖన పద్ధతి వంటి విషయాలను ఎత్తుకోకూడదని ముందే అనుకున్నాను. అవన్నీ మీ విభాగం ఇచ్చే నియమావళిలో ఉంటాయి. అందులో ఉండనిదీ, చాలామంది విద్యార్థులను నెలల తరబడి ఉన్నచోటే నిలబెట్టేదీ మరొకటి ఉంది. అంశానికీ ప్రశ్నకూ మధ్య ఉన్న దూరం అది.

"ప్రజాస్వామ్యంలో మహిళల రాజకీయ ప్రాతినిధ్యం" అని రాసుకొని గైడ్ దగ్గరికి వెళ్లిన విద్యార్థిని తన దగ్గర అంశం ఉందని అనుకుంటుంది, అది నిజమే. అయితే ఆ శీర్షిక కింద ఏం రాసినా ఇమిడిపోతుంది, ఏది వదిలేసినా లోటు తెలియదు. ఏ పుస్తకం చదవాలో, దేన్ని పక్కన పెట్టాలో అది చెప్పదు కాబట్టి ఆ విద్యార్థిని అన్నీ చదువుతూ పోతుంది, నోటు పుస్తకాలు నిండుతాయి, రాత మాత్రం మొదలు కాదు. అదే విద్యార్థిని "న్యూజిలాండ్ పార్లమెంటులో 1996లో మహిళల సంఖ్య పెరగడానికి కొత్త ఎన్నికల విధానమే కారణమా?" అని అడిగితే, ఆ క్షణం నుంచి చేయవలసిన పని కళ్లముందుకు వస్తుంది. ఆ ప్రశ్నకు అవుననీ జవాబు రావచ్చు, కాదనీ రావచ్చు. కాదనే జవాబుకు చోటివ్వని ప్రశ్నతో పరిశోధన సాగదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ ఉదాహరణతోనే కొంత దూరం నడుద్దాం. ఒక్కో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న ఒక్కరే గెలిచే పాత పద్ధతిలో, 1993 ఎన్నికల్లో అలయెన్స్ అనే పార్టీ 18 శాతం ఓట్లు పొంది కూడా 99 సీట్లలో రెండింటితో సరిపెట్టుకోవలసి వచ్చింది. అదే రోజు జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు మిశ్రమ దామాషా పద్ధతిని, అంటే నియోజకవర్గాల్లో గెలిచినవారితో పాటు, పార్టీకి వచ్చిన ఓట్ల వాటాకు తగ్గట్టు ఆ పార్టీ ముందే ప్రకటించిన జాబితా నుంచి కూడా సభ్యులను తీసుకునే పద్ధతిని ఎంచుకున్నారు. దాని ప్రకారం 1996లో ఏర్పడిన సభలో 120 మంది సభ్యులున్నారు. వారిలో 65 మంది నియోజకవర్గాల నుంచి, 55 మంది పార్టీల జాబితాల నుంచి వచ్చారు. 1993లో 21గా ఉన్న మహిళా సభ్యుల సంఖ్య 1996లో 35కు చేరింది. అంటే 21 శాతం నుంచి 29 శాతానికి పెరిగింది.

ఇక్కడ ఆగిపోవాలని మనసు లాగుతుంది. విధానం మారింది, సంఖ్య పెరిగింది, కాబట్టి రుజువైందని రాసేయాలనిపిస్తుంది. దయచేసి ఆగకండి, ఇంకాస్త వెనక్కి వెళ్లి చూడండి. 1984లో 12 మంది, 1987లో 14 మంది, 1990లో 16 మంది, 1993లో 21 మంది. పాత పద్ధతి ఉండగానే సంఖ్య ఎన్నికకు ఎన్నికకు పెరుగుతూ వచ్చింది. అలాంటప్పుడు ఆ పద్ధతి మారకపోయినా 1996లో కొంత పెరుగుదల ఉండేదేమో అన్న అనుమానం న్యాయమైనది. ఆ అనుమానాన్ని మీ మీద మీరే తెచ్చుకొని, దానికి పూర్తి బలం ఇచ్చి నిలబెట్టగలిగితే మీ థీసిస్‌కు అసలైన మధ్య అధ్యాయం దొరికినట్టే.

విధానమే కారణమైతే ఇంకేం కనిపించాలి? పెరుగుదల ప్రధానంగా పార్టీల జాబితాల ద్వారా వచ్చి ఉండాలి. నియోజకవర్గాల్లోనూ అదే స్థాయిలో పెరిగి ఉంటే, పార్టీల ఆలోచనో సమాజపు వైఖరో మారిందని చెప్పడం సబబు. కాబట్టి ఆ 35 మంది పేర్లనూ ముందు పెట్టుకొని, ఎవరు ఏ దారిలో వచ్చారో, ఏ పార్టీ తన జాబితాలో మహిళలకు ఎన్నో స్థానం ఇచ్చిందో ఒక్కో గడిలో నింపాలి. అధికారిక ఫలితాలు చేతిలో ఉంటే ఇది కొద్ది రోజుల్లో పూర్తయ్యే పని. పక్కన కెనడాను కూడా పెట్టి చూడవచ్చు. అక్కడ పద్ధతి మారలేదు, అయినా దిగువ సభలో మహిళల సంఖ్య 1993లో 295 మందిలో 53 నుంచి 1997లో 301 మందిలో 62కు పెరిగింది. మారని చోట కూడా పెరుగుదల ఉంది, కాకపోతే తక్కువ. ఈ ఒక్క పోలికతో ఏదీ తేలదు. అయినా పద్ధతి మార్పుకు ఎంత వాటా ఇవ్వవచ్చో అంచనా వేయడానికి అది ఒక కొలబద్ద అవుతుంది.

పదాల విషయంలోనూ ఇంత పట్టుదల అవసరం. న్యూజిలాండ్ మహిళలకు ఓటు హక్కు 1893లో, పార్లమెంటుకు పోటీ చేసే హక్కు 1919లో వచ్చాయి. మొదటి మహిళా సభ్యురాలు 1933లో సభలో అడుగుపెట్టారు. "రాజకీయ భాగస్వామ్యం" అనే ఒకే మాట కింద ఈ మూడింటినీ కలిపేస్తే నలభై ఏళ్ల చరిత్ర మాయమైపోతుంది. మీరు వాడే ప్రతి ముఖ్యమైన పదానికి, దాన్ని దేనితో కొలుస్తున్నారో మొదటి అధ్యాయంలోనే రాయండి.

పూర్వ పరిశోధనల సమీక్ష గురించి ఒక్క మాట. ఫలానా వారు ఇలా అన్నారు, ఫలానా వారు అలా అన్నారు అని సారాంశాలను దండగా గుచ్చడం సమీక్ష కాదు. వాళ్లు ఎక్కడ విభేదించారో గుర్తించి, మీ ప్రశ్నను ఆ చీలిక దగ్గర నిలబెట్టాలి. ఉదాహరణలు ఎంచుకునేటప్పుడు కూడా జాగ్రత్త వహించాలి. పేదరికం విప్లవానికి దారితీస్తుందని చూపడానికి విప్లవం వచ్చిన దేశాలనే తీసుకుంటే, పేదరికం ఉండి కూడా విప్లవం రాని దేశాలు లెక్కలోకే రావు.

ఊహించిన జవాబు రాలేదని కళ్లనీళ్లతో గైడ్ దగ్గరికి వచ్చే విద్యార్థులను చూసినప్పుడు నాకు చాలా బాధ కలుగుతుంది, ఎందుకంటే వాళ్లు చేసిన పని తప్పు కాదు. పట్టికను సరిచేసి అనుకున్న జవాబు వైపు తిప్పాలన్న ఆలోచన రానివ్వకండి. ఊహించినది ఏమిటి, దొరికినది ఏమిటి, ఈ తేడాకు కారణం ఏమై ఉండవచ్చు అన్న మూడింటినీ ఉన్నదున్నట్టు రాసిన అధ్యాయాన్ని పరీక్షకులు గౌరవంగా చదువుతారు.

వచ్చే వారం గైడ్‌ను కలవడానికి వెళ్లేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్లండి. పైన మీ ప్రశ్నను ఒకే వాక్యంలో రాయండి. దాని కింద ఎడమవైపు మీరు నమ్మే జవాబు, కుడివైపు దాన్ని తోసిపుచ్చగల జవాబు రాసి, ఒక్కోదాని కింద అది నిజమైతే ఏ ఆధారం కనిపించాలో రాయండి. కుడివైపు ఖాళీగా మిగిలిపోతే సంకోచించకుండా ఆ కాగితాన్ని అలాగే చూపించి, అక్కడి నుంచే మాట మొదలుపెట్టండి.