మూడు లిపుల ఊరిలో ఒక చిన్న డిజైను సంస్థ

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న యువతీ యువకులకు నమస్కారం.

వెబ్‌సైట్లు, లోగోలు, ప్యాకెట్ల మీది డిజైన్లు చేసి ఇచ్చే ఒక చిన్న సంస్థను బరంపురంలో 11 ఏళ్లుగా నడుపుతున్నాను. ఆస్కా రోడ్డు దాపున మేడ మీద రెండు గదులు, మొత్తం ఏడుగురం మనుషులం. ఇలాంటి సంస్థ పెట్టాలనుకునే పిల్లలు నా దగ్గరకు వచ్చినప్పుడు దాదాపు అందరూ అడిగేది ఒకటే: "భువనేశ్వర్‌కో విశాఖకో పోవాలా అండీ, ఇక్కడే ఉండి బతకగలమా?" బతకగలం. పెద్ద ఊళ్ల సంస్థలకు ఎంత డబ్బు పోసినా తొందరగా పట్టుబడని పని ఒకటి, ఇక్కడ పుట్టి పెరిగినందువల్ల మనకు చేతిలో ఉంది. ఒకే పేరును తెలుగు, ఒడియా, ఇంగ్లిషు లిపుల్లో సరిగా కుదర్చడమే ఆ పని. దాన్ని ఎలా చేయాలో, దానికి తగిన ధర కట్టి సంస్థను ఎలా నిలబెట్టుకోవాలో ఈ పూట మీతో పంచుకుంటాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు మన బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. సరిహద్దు గీత మారింది గాని మనుషులు ఉన్నచోటనే ఉన్నారు. అందుకే ఈనాటికీ మన బజారులో ఒక దుకాణదారు ఇంట్లో తెలుగు మాట్లాడి, గల్లాపెట్టె దగ్గర ఒడియాలో బేరం చేసి, బిల్లు ఇంగ్లిషులో రాస్తాడు. అతని దుకాణం పేరుకు మూడు లిపులు కావాలి. బోర్డు రాసేవారికి ఇది ఎప్పటి నుంచో తెలుసు. వెబ్‌సైటు చేసేవారే దీన్ని ఇంకా సరిగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

పేరును ఒక లిపి నుంచి మరో లిపిలోకి మార్చడం అక్షరానికి అక్షరం పెట్టేసినంత తేలిక కాదు. 'వాసవి' అనే పేరునే తీసుకోండి. ఒడియాలో మామూలుగా రాస్తే అది 'బాసబి' అవుతుంది, ఎందుకంటే అక్కడ మన 'వ' ఉండవలసిన చోట 'బ' పలుకుతుంది. 'వ' శబ్దానికి ఒడియాలో వేరే అక్షరం ఉంది గాని, దాన్ని వాడితే కొందరు పాఠకులకు పేరు పరాయిదిగా తోస్తుంది. 'యశోద' అక్కడ 'జశోద' అవుతుంది. తెలుగులో 'మెడ'కూ 'మేడ'కూ తేడా చూపే ఎ, ఏ రెండూ ఉన్నాయి. ఒడియాలో ఒక్క ఏకారమే ఉంది. కాబట్టి దుకాణం యజమానిని ముందుగా అడగవలసింది ఏ రంగు ఇష్టమని కాదు, "మీ ఒడియా ఖాతాదారులు మీ పేరును నోటితో ఏమని పిలుస్తారు?" అని. ముప్ఫై ఏళ్లుగా 'బాసబి' అని పిలిపించుకుంటున్న దుకాణానికి ఒడియా బోర్డు మీద 'బాసబి' అనే ఉండాలి, తెలుగు బోర్డు మీద 'వాసవి' అనే ఉండాలి, ఇంగ్లిషు పేరు బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే ఉండాలి. ఈ మూడింటినీ యజమాని చేత కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోకుండా మేము లోగో పని మొదలుపెట్టము. ఒక్కోసారి ఇంట్లో తండ్రికీ కొడుకుకీ మధ్య దీని మీద వాదన జరిగి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజులు వృథా అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇక అక్షరాల రూపం సంగతి. తెలుగు, ఒడియా రెండూ గుండ్రని లిపులే కాబట్టి వాటిని పక్కపక్కన కుదర్చడం సులువని బయటివారు అనుకుంటారు. చేసి చూస్తే తెలుస్తుంది. ఒడియా అక్షరానికి బరువంతా పైన గొడుగులాంటి వంపులో ఉంటుంది. తెలుగుకు తలకట్టు పైన, ఒత్తు కింద ఉండి, పదం నిలువుగా మూడు అంతస్తులు ఆక్రమిస్తుంది. ముంబైలోని ఏక్ టైప్ అనే సంస్థ తన 'బాలూ' ఫాంటు కుటుంబంలో తెలుగుకు 'బాలూ తమ్ముడు', ఒడియాకు 'బాలూ భాయినా' అని పేర్లు పెట్టి ఉచితంగా అందుబాటులో ఉంచింది. ఒకే చేతితో గీసినట్టుండే రెండు లిపులు కావలసిన మనలాంటి వారికి అవి ఎంత ఉపకారం చేశాయో చెప్పలేను. అలాగే గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు పేరుతో ఒక తెలుగు ఫాంటు ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు మన పక్కనున్న పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాష నేర్చి, జనం మాట్లాడే తెలుగే రాతలో ఉండాలని జీవితమంతా పోరాడినవారు. ఆ పేరు తెర మీద కనబడినప్పుడల్లా, వెబ్‌సైటులో "మమ్ములను సంప్రదించగలరు" అని ఉన్నచోట "ఫోను చేయండి" అని మార్చాలనిపిస్తుంది, మారుస్తాను కూడా.

వెబ్‌సైటులో వరుసకూ వరుసకూ మధ్య జాగా ఇంగ్లిషుకు సరిపోయేంతే వదిలితే, పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. ఇంగ్లిషుకు అక్షరం ఎత్తుకు 1.2 రెట్లు పెట్టేచోట తెలుగుకు మేము 1.6 నుంచి 1.8 వరకు పెడతాము. డీటీపీ సెంటర్ల నుంచి వచ్చే పాత మ్యాటరు, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతి అయిన యూనికోడ్‌లో ఉండదు గనుక దాన్ని నేరుగా అతికిస్తే తెర మీద అర్థంలేని గుర్తులు వస్తాయి. దాన్ని మార్పిడి చేశాక కూడా ఒక మనిషి కూర్చుని మొదటి నుంచి చివరి వరకు చదవాల్సిందే.

ఈ చదవడం ఎందుకంత ముఖ్యమో నాకు రెండో ఏడాదిలో తెలిసింది. ఒక కుటుంబానికి అప్పడాల కవరు డిజైను చేశాము. బరంపురం అప్పడాలు, ఊరగాయల పేరు మీకు నేను చెప్పనక్కరలేదు. మా కంప్యూటరులో అంతా చక్కగా ఉంది. ఫైలులోని అక్షరాలను, ఏ కంప్యూటరులోనైనా రూపం చెదరకుండా ఉండే బొమ్మ గీతలుగా మార్చకుండా అలాగే ప్రెస్సుకు పంపాను. అక్కడి కంప్యూటరులో భారతీయ లిపుల కూర్పుకు సంబంధించిన సెట్టింగు లేదు. 'ప్ప' అన్న అక్షరంలో కింద ఉండవలసిన ఒత్తు విడిపోయి, పొల్లు 'ప్' పక్కన మరో 'ప' వచ్చి నిలబడింది. ఆ ముద్రణతో 10,000 కవర్లు తయారయ్యాయి. ఆ ఇంటి పెద్దావిడ ఒక కవరు చేతిలోకి తీసుకుని, వేలితో ఆ అక్షరాన్ని తడిమి, "నాయనా, మా అప్పడం విరిగిపోయిందేమిటి?" అన్నారు. నేను మాట్లాడలేకపోయాను. మళ్లీ ముద్రించడానికి అయిన 40,000 రూపాయలు మేమే పెట్టుకున్నాము. అప్పటికి నా దగ్గర అంత డబ్బు లేదు, మా బావగారి దగ్గర అప్పు తెచ్చాను. ఆ రోజు నుంచి మా దగ్గర ఏ ఫైలైనా ప్రెస్సుకు పోయే ముందు అక్షరాలన్నీ గీతలుగా మారాలి, కాగితం మీద నమూనా రావాలి, దాన్ని డిజైను చేసిన మనిషి కాకుండా మరో మనిషి బయటికి చదివి సంతకం పెట్టాలి.

ఇప్పుడు ధర సంగతికి వస్తాను, ఎందుకంటే మన ప్రాంతపు చిన్న సంస్థలు మూతపడేది పని చేతగాక కాదు, ధర చెప్పడం చేతగాక. మొదటి మూడేళ్లు నేను మూడు లిపుల లోగోకు ఒక లిపి లోగో ధరే తీసుకున్నాను. పేరు అదే కదా అని యజమాని అనేవాడు, నేనూ తలూపేవాడిని. మా గంటలను ఒక నోటు పుస్తకంలో రాసి చూసుకుంటే, ఇంగ్లిషు లోగోకు పట్టిన సమయానికి మూడు లిపులకు రెండున్నర రెట్లు పడుతోందని తేలింది. ఇవాళ కొటేషనులో ఒక్కో లిపికి వేరే పద్దు రాస్తాము. "తెలుగు వద్దనుకుంటే ఇంత తగ్గుతుంది" అని స్పష్టంగా చూపిస్తాము. తెలుగు తీసేయమన్నవారు చాలా తక్కువ. తమ పేరు తమ అక్షరాల్లో కనిపించడానికి మనుషులు సంతోషంగా డబ్బు ఇస్తారు, దానికి విడిగా ధర ఉందని వారికి మనం చెప్పాలి, అంతే.

డబ్బు మేము మూడు విడతల్లో తీసుకుంటాము. పని మొదలుపెట్టే ముందు 40 శాతం, డిజైను ఒప్పుకున్నాక 40 శాతం, వెబ్‌సైటు జనానికి తెరిచే ముందు మిగతా 20 శాతం. ఎన్నిసార్లు మార్పులు చేస్తామో కూడా ఒప్పందంలో ఉంటుంది. తెలిసినవాళ్ల దగ్గర కాగితం ఎందుకని మొహమాటపడతారు మనవాళ్లు. తెలిసినవాళ్ల దగ్గరే కాగితం ఎక్కువ అవసరం, రేపు పెళ్లిలో ఎదురుపడినప్పుడు ముఖాలు చూసుకోవాలి కదా. ఆ కాగితంలో లోగో హక్కుల సంగతి తప్పక రాయండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా జరగాలి. డబ్బు ముట్టినంత మాత్రాన లోగో ఖాతాదారుదని ఇద్దరూ అనుకుని, పదేళ్ల తర్వాత ట్రేడ్‌మార్కు వేళ చిక్కుల్లో పడటం నేను చూశాను. వెబ్‌సైటు చిరునామా అయిన డొమైను పేరు మాత్రం మొదటి రోజు నుంచీ ఖాతాదారు పేరు మీదే, అతని సొంత ఈమెయిలుతోనే ఉండాలి. ఖాతాదారు వదిలిపోకుండా ఉండటానికి పాస్‌వర్డు తమ దగ్గర పెట్టుకునే సంస్థలు ఉన్నాయి. అది తాకట్టు వ్యాపారం, దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

సంస్థ పెరగడమంటే కొత్త ఆర్డర్లు పెరగడమే అని నేను చాలాకాలం నమ్మాను. దసరాకు, పెళ్లిళ్ల సీజనుకు ముందు పని మీద పని, తర్వాత రెండు నెలలు ఖాళీ. జీతాలు మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖుకే ఇవ్వాలి. ఆ ఆటుపోట్ల నుంచి మమ్మల్ని బయటపడేసింది వార్షిక నిర్వహణ ఒప్పందం. డొమైను, హోస్టింగు (వెబ్‌సైటును ఉంచే అద్దె జాగా) రెన్యూవలు, బ్యాకప్పు, వెబ్‌సైటును నడిపే సాఫ్ట్‌వేరు అయిన వర్డ్‌ప్రెస్ అప్‌డేట్లు, నెలకు కొన్ని మార్పులు, ధరల పట్టిక సవరణ, ఇవన్నీ కలిపి ఏడాదికి ఒక మొత్తం. ఇప్పుడు మాకు అలాంటి ఖాతాదారులు 60 మందికి పైగా ఉన్నారు, మా ఏడుగురి జీతాలు ఆ ఆదాయంతోనే గడుస్తాయి. కొత్త పని వస్తే మంచిదే, రాకపోయినా మాకు నిద్ర పడుతుంది. అందువల్లనే తక్కువ ధరకు అడిగేవారికి మర్యాదగా కాదని చెప్పగలుగుతున్నాము.

సరిహద్దులో ఉన్నందుకు పన్ను లెక్కలో కూడా కొంత జాగ్రత్త అవసరం. సేవల వ్యాపారంలో ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషను తప్పదు. మన పనికి 18 శాతం. బరంపురం ఖాతాదారుకు అయితే కేంద్రానికి 9, రాష్ట్రానికి 9 వేసి బిల్లు రాస్తాము; సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఇచ్ఛాపురం దుకాణానికో పలాస జీడిపప్పు వ్యాపారికో అయితే అదే 18 ఐజీఎస్టీగా, అంటే రాష్ట్రాల మధ్య వ్యాపారానికి వేసే పన్నుగా, రాస్తాము. అసలు కష్టం మరోచోట ఉంది. రిజిస్ట్రేషను లేని చిన్న దుకాణదారుకు మనం వేసిన పన్ను తిరిగి రాదు, అతనికి అదంతా ధరే. 20 లక్షలకు చేరువవుతున్న ఏడాదిలోనే ఖాతాదారులకు ఈ మాట ముందుగా చెప్పి ఉంచండి. అలాగే చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో రిజిస్టరు చేసుకోండి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం కింద, రాతపూర్వక ఒప్పందం ఉన్నా చిన్న సంస్థకు ఇవ్వాల్సిన బాకీ 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. నేను ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. బిల్లు అడుగున ఉద్యమ్ నంబరు, ఆ గడువు ముద్రించాక మాత్రం పెద్ద సంస్థల నుంచి డబ్బు త్వరగా వస్తోంది.

ఒక పని గురించి కొంచెం వివరంగా చెప్పాలని ఉంది. నేతపనిలో ఉన్న ఒక తెలుగు కుటుంబం తమ పట్టుచీరలకు వెబ్‌సైటు కావాలని వచ్చింది. బరంపురం పట్టుకు, దాని ఫోడా కుంభ అంచుకు భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు దక్కేలా చేసే చట్టపరమైన రక్షణ) ఉంది. ఆ పేరును అమ్మకానికి వాడేవారు అధీకృత వినియోగదారుగా నమోదై ఉన్నారా అని ముందుగా అడిగాము. తర్వాత ఫొటోలు. స్టూడియో లైట్ల కింద తీస్తే పట్టు ప్లాస్టిక్కులా మెరిసింది. మగ్గం ఉన్న గదిలోనే, ఉదయం 8 గంటల వేళ కిటికీ వెలుగులో, అంచు మీది గుడి గోపురంలాంటి కుంభం కెమెరాకు ఎదురుగా వచ్చేలా చీర కొంగు పరిచి మళ్లీ తీశాము. ఒక్కో ఫొటో 6 ఎంబీ ఉండేది, వెబ్‌సైట్లకు తేలికగా ఉండే వెబ్‌పీ రూపంలోకి మార్చి 150 కేబీ లోపుకు తెచ్చాము. పల్లెలో బలహీనమైన సిగ్నలు మీద కూడా పేజీలోని ముఖ్యమైన బొమ్మ రెండున్నర సెకన్లలో కనబడాలన్నది మా లక్ష్యం. ఆ వారమంతా మా ఆఫీసులో పనిచేసే ఇద్దరు పిల్లలు ఆ ఇంట్లోనే భోజనం చేశారు. అంత సమయం ఒకే పనికి ఇవ్వగలిగామంటే, పైన చెప్పిన నిర్వహణ ఒప్పందాలు మా వెనుక ఉండబట్టే.

మనుషుల విషయం చెప్పి ముగిస్తాను. ఎనిమిదో మనిషిని తీసుకోవాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను, తొందరపడటం లేదు. సాఫ్ట్‌వేరు నేర్పడానికి మూడు నెలలు చాలు. ఒడియా, తెలుగు రెండూ తప్పు లేకుండా చదవగలిగే పిల్లలు దొరకడమే కష్టంగా ఉంది, ఎందుకంటే మన ఇళ్లలో తెలుగు మాట్లాడుతున్నారు గాని చదవడం తగ్గిపోతోంది. మా దగ్గర ఉన్న ఒడియా అమ్మాయి మాత్రం ఉద్యోగంలో చేరాక పలక మీద అక్షరాలు దిద్ది తెలుగు నేర్చుకుంది. కాగితం నమూనాలు చదివి సంతకం పెట్టే పని ఇప్పుడు ఆమెదే. మీలో తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రానివారు ఎవరైనా ఈ రంగంలోకి రావాలనుకుంటే, ఆదివారం ఉదయం మా ఆఫీసుకు రండి, ఆమే నేర్పుతుంది, ఫీజు లేదు.

మీ ఇంటి దుకాణం బోర్డు ఫొటో ఫోనులో ఉన్నవారు ముందుకు రండి. ఇక్కడి తెర మీద పెట్టి, మూడు లిపుల్లోనూ పేరు ఎలా ఉందో అందరం కలిసి చూద్దాం.