ఇంటికంటే ముందు సందు చూడండి

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ వన్‌టౌన్‌లో అద్దె ఇల్లు కావాలనుకున్నవారు సాధారణంగా ఆదివారం పొద్దున బయలుదేరతారు. బోర్డు కనిపించిన చోటల్లా మెట్లెక్కి, వంటగది తొంగిచూసి, వాస్తు ఆరా తీసి దిగుతారు. కొట్లు మూసి ఉన్న ఆదివారం పొద్దున ఏ సందైనా ముచ్చటగానే ఉంటుంది. మామూలు రోజు సాయంత్రం ఏడింటికి వెళ్లండి. ముందు సరుకు దించుతున్న ఆటో, వెనుక తోపుడు బండి, మధ్యలో మీ స్కూటరు. మీరు అద్దె కట్టేది ఆ సందుకు కూడా.

ఈ ఇరుకుకు కారణం ఉంది. ఒకపక్క ఇంద్రకీలాద్రి, ఒకపక్క కృష్ణ. 1855లో ఆనకట్ట పూర్తయి, కాలువల్లో పడవలు తిరిగి, వ్యాపారం పెరిగింది. తర్వాత రైలు పట్టాలు వచ్చి మూడో పక్కనూ మూసేశాయి. పాత ఊరికి పైకి పెరగడం తప్ప దారి లేకపోయింది. అందుకే కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కింద కొట్టు, పైన కాపురం ఉన్న మేడలు అన్ని కనిపిస్తాయి.

ఆ మేడల మెట్లు చూశారా? నిటారుగా, మనిషి భుజాలు రాసుకునేంత వెడల్పు. మనం ఎక్కగలం, బీరువా ఎక్కదు. ముందు తలుపులు ఊడదీస్తారు. అయినా మలుపులో ఇరుక్కుంటుంది. చివరికి పిట్టగోడ మీదుగా మోకు వేసి, పైన నలుగురు, కింద నలుగురు నిలబడి లాగాల్సిందే. గోడకు గీతపడితే ఇంటివారి చూపు మన మీదే. కాబట్టి ఇల్లు చూడటానికి టేపు పట్టుకెళ్లి మెట్ల మలుపు కొలవండి. గ్యాస్ సిలిండరు పైకి తెస్తారా, కిందే దించిపోతారా అన్నదీ పక్క వాటావారిని అడగండి.

చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పాత మద్రాసు టెర్రాసు కప్పు అయితే తల ఎత్తి దూలాలు చూడాలి. చెదలు పట్టిన దూలాన్ని కర్రతో తడితే డొల్లగా మోగుతుంది. కొత్తగా రంగు వేశామని ఇంటివారు మురిపెంగా చెబితే, గోడ అడుగున చెయ్యి పెట్టండి. సున్నపు గోడలోని చెమ్మను ఆ రంగు కొన్నాళ్లే దాస్తుంది. కుళాయి నీళ్లు ఏ వేళకు వస్తాయి, మోటారు ఎవరు వేస్తారు, కరెంటు మీటరు విడిగా ఉందా? ఇవి మామూలు ప్రశ్నలే, కానీ గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

కొండవాలు ఇళ్లకు అద్దె తక్కువ, గాలి ఎక్కువ. అయితే ఎండాకాలం రాళ్లు పగలంతా కాగి రాత్రంతా సెగ కక్కుతాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. వెంటనే సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేటలను ముంచింది. ఆ వారం ఈ ఇంట్లో ఏం జరిగిందని అడగడానికి మొహమాటపడకండి.

ఇక దసరా. మూలానక్షత్రం నాడు అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిస్తారు. దారులు మళ్లిస్తారు, మీ స్కూటరు ఎక్కడో దూరంగా ఉండిపోతుంది. అదే రోజు, మీకు ఉన్నారని తెలియని చుట్టాలు కూడా గుమ్మంలో ప్రత్యక్షమవుతారు. అమ్మవారి దయ అనుకోవాలి గానీ, ట్యాంకు నీళ్లు మాత్రం మధ్యాహ్నానికే అయిపోతాయి. చుట్టాల విషయం ఇంటివారితో ముందే మాట్లాడుకోవడం నయం.

కాగితం సంగతి. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని బ్రోకర్లు అలవాటుగా చెబుతారు. కేంద్ర చట్టం ఏడాది మించిన వాటికే దాన్ని తప్పనిసరి చేసిన మాట నిజమే. కానీ మన రాష్ట్రం 1999లో తెచ్చిన సవరణ ఆ గడువు మినహాయింపును తీసేసింది, అంటే పదకొండు నెలల కాగితానికీ రిజిస్ట్రేషన్ కావాల్సిందే. అడ్వాన్సు ఎంత ఇచ్చారో, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు కోస్తారా లేదా అన్నదీ అందులో రాయించండి.

ఇంకొక్క మాట. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు, అందుకే ఆ నెలలో బోర్డులు ఎక్కువ రోజులు వేలాడతాయి, ఇంటివారి మాట మెత్తబడుతుంది. బేరం అప్పుడు కుదుర్చుకుని, శ్రావణంలో పాలు పొంగించుకోండి. ఖాళీగా ఉన్న ఆ కొన్ని వారాల అద్దె ఎవరు భరించాలో మాత్రం తాళాలు అందుకునే ముందే తేల్చుకోండి.

నమస్కారం.